డ్యూరరు గీచిన స్త్రీవేషములు

ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున ఆల్బెర్టీనా యను చిత్రశాల యొకటి గలదు. జర్మను చిత్రకారులలో అగ్రగణ్యుడైన ఆల్బ్రెక్ట్ డ్యూరరు 1500 సంవత్సరమున కలముతో గీచి, నీటిరంగులు పూసిన మూడు స్త్రీవేషముల పటములు అందు భద్రముగా నున్నవి. ఇవి రాణుల చిత్తరువులు కావు. పురాణస్త్రీల రూపములును కావు. డ్యూరరు పుట్టిపెరిగిన న్యూరెంబర్గు పట్టణమున కలిగిన యింటి యిల్లాలు ఇంట మెలగునపు డేమి ధరించునో యొక పటమునందు, చర్చికి పోవునపు డేమి ధరించునో యొకదానియందు, నాట్యవినోదమునకు పోవునపు డేమి ధరించునో వేరొకదానియందు చూపబడినది. న్యూరెంబర్గున ఇండ్లలో ఇట్లుందురనియు, చర్చికి ఇట్లు పోవుదురనియు, నాట్యమునకు ఇట్లనియు చిత్రకారుడు స్వహస్తముతో ఆయా పటములమీద వ్రాసియుంచెను. ఆమె యెవరో, ఎవరి భార్యయో మాత్రము వ్రాయలేదు. బట్టలే యిచట కథానాయికలు.

బట్టలను గూర్చి యింత శ్రమ యేల యని కొందరు పెద్దలు నవ్వవచ్చును. రాజుల యుద్ధములకు శాసనము లున్నవి. ధాన్యపు ధరలకు లెక్కల పుస్తకము లున్నవి. ఒక యిల్లాలు ఉదయమున లేచి తలగుడ్డ నెట్లు చుట్టుకొనెనో చెప్పుటకు ఏమున్నది? బట్టవలె త్వరగా నశించు వస్తువు సంసారమున మరియొకటి లేదని మన కందరకు తెలిసినదే. తల్లి కట్టినది చింపి బిడ్డకు కుట్టుదుము, బిడ్డ విడిచినది పసిదానికి పొత్తిగుడ్డ యగును, తుదకు మసిగుడ్డ. న్యూరెంబర్గున నింకొక యవస్థయు నుండెను. ఉల్మాన్ స్ట్రోమర్ అను వర్తకుడు 1390లో ఆ యూరి వెలుపల కాగితపు మర నెలకొల్పెను. ఆనాటి కాగితము నారబట్టల పీలికలను నానబెట్టి దంచి చేసినది. కనుక ఏ ముత్తవ్వ పాతపావడయో, ఏ తాత చొక్కాయో కాగితమై డ్యూరరు బల్లమీదికి వచ్చియుండును. దానిమీద నతడు క్రొత్తబట్టలను గీచెను! ఈ ముచ్చట తలచుకొన్నప్పుడెల్ల మాకు వింతగా నుండును.

డ్యూరరు 1471లో జన్మించెను. తండ్రి స్వర్ణకారుడు, హంగేరీదేశమునుండి వచ్చి న్యూరెంబర్గున స్థిరపడినవాడు. తల్లి బార్బరా 18 మంది బిడ్డలను కన్నది. ఆ బిడ్డల పుట్టుకలు తండ్రి వ్రాసియుంచగా, డ్యూరరు పిదప తన కుటుంబవృత్తాంతమున చేర్చెను. వారిలో పెరిగి పెద్దలైనవారు మువ్వురే. బాలుడు మొదట తండ్రియొద్ద బంగారుపని నేర్చి, 1486లో మిఖాయెల్ వోల్గెముట్ అను చిత్రకారుని యొద్ద శిష్యుడుగా చేరెను. బంగారుపని యనిన మన కంసాలులను చూచినవారికి తెలియును. లోహముమీద ఉలి జారినచో ఆ గీత మరల చెరగదు. ఆ పనిలో నలిగిన చేయి గనుకనే కాగితముమీద కలము పెట్టినను తడబాటెరుగదు. సిరాగీతయు చెరుపుటకు వీలుకానిదే. పెన్సిలుతో గీచి, రబ్బరుతో తుడిచి, మరల గీచు సౌకర్య మతనికి లేదు. చర్చికి పోవునామె పైదుప్పటి మడతలను చూడుడు. ఒక్కొక్క మడత మెడనుండి క్రిందివరకు జాలువారుచున్నది. ప్రక్కమడతతో కలియదు, ప్రక్కమడతను పోలి యుండదు. మేము చేతితో మడతలు లెక్కింపబోయి మధ్యలో తప్పిపోయితిమి; ఆయన తప్పలేదు.

ఆ చర్చివేషమే మూడింటిలో మాకు మిక్కిలి నచ్చినది. దానిని కొంత వివరించెదము. తలమీద విశాలమైన తెల్లని నారగుడ్డ. అది మన మేలిముసుగువలె మెత్తగా జారునది కాదు. చక్కగా ఉదికి, గంజిపెట్టి, మడతలు తీర్చి, తలచుట్టు నొక గోపురమువలె నిలిపినది. జుట్టు వెండ్రుక యొకటియు బయటికి కానరాదు. పెండ్లియైన స్త్రీ జుట్టు కనబడకుండుట ఆనాటి మర్యాద. గంజిబట్టను ఉదికి ఆరవేసి మడతపెట్టిన ఏ స్త్రీకైనను ఆ గుడ్డను చూచినతోడనే దాని వెనుకనున్న శ్రమ తెలియును. అది ఒక్కరు తీర్చుకొనదగినది కాదు. దాసియో, ఆడుబిడ్డయో తోడుండవలెను. వానపడిననాడు ఏమి చేసెడివారో! చిత్రకారు డా తెలుపునకు రంగు పూయలేదు. కాగితపు తెలుపునే విడిచి, మడత లోపలి నీడను మాత్రము సన్నగా నిలిపెను. పైదుప్పటి దగ్గరకు వచ్చునప్పటికి గీతలు దట్టమైనవి; ఉన్నిబట్ట బరువు గీతలలోనే తెలియుచున్నది. నారగుడ్డ తేలిక, ఉన్నిగుడ్డ బరువు, చేతితో తాకకుండనే కంటికి తెలియుట ఈ పటమునందలి విశేషము. మన స్త్రీలు నేతచీర కొనునపుడు రెండువ్రేళ్ల నడుమ కొంగు నలిపి చూతురు. డ్యూరరు కలముతో నాపని చేసెను.

ఇంటివేషము సాదాయైనది. దానిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. అయినను అతడు దానిని వదలిపెట్టక పండుగబట్టలతో సమానముగా ఒక కాగిత మిచ్చుట గమనింపదగినది. ఫోటోగ్రాఫులు వచ్చిన పిమ్మటగూడ మన యిండ్లలో పెద్దమ్మల పటములన్నియు పట్టుచీరలతోనే గదా యున్నవి! వంటయింటి చీరతో నున్న అమ్మమ్మ పటము ఎందరిండ్లలో నున్నది?

నాట్యవేషము సంగతి వేరు. దాని వెనుక పట్టణపు చట్టములున్నవి. న్యూరెంబర్గు పట్టణసభవారు ఎవరెట్టి బట్ట ధరింపవచ్చునో, ముత్యములు, బంగారుజరీ, విలువగల బొచ్చుచర్మములు ఎవరికి తగునో, ఎవరికి తగవో శాసించుచు నియమములు ప్రకటించుచుండెడివారు. ధనము చాలనివారికే కాదు, ధనముండియు కులీనులు కానివారికిని ఆ నిషేధము వర్తించెను. పురమందిరమున జరుగు నాట్యములకు ఏ యే వంశములవారిని పిలువదగునో 1521లో వారొక పట్టికయే వ్రాసిరి. అందు చేరిన వంశములు నలుబదికి పైచిలుకు మాత్రమే. డ్యూరరు కీర్తి అప్పటికి ఇటలీదేశమువరకు వ్యాపించియున్నను అతని యింటిపేరు ఆ పట్టికలో లేదు. ఇప్పుడా పటమును మరల చూడుడు. అది యొక యందమైన గౌను మాత్రమే కాదు, ఒక గడప. దాని కీవల నున్నవా డొకడు ఆవల నున్నవారి బట్టలను అసూయపడక, వెక్కిరింపక, కుట్టు కుట్టు చూచి గీచినాడు.

ఈ మూడు పటములకు అయిదేండ్లకు ముందే అతనికి స్త్రీల దుస్తులమీద దృష్టి పడినది. 1494 జూలైలో అతడు ఆగ్నెస్ ఫ్రే అను కన్యను పెండ్లాడెను. ఆ సంవత్సరముననే న్యూరెంబర్గున మహామారి చెలరేగినది. పెండ్లియై కొలది నెలలైనను గడువకమునుపే అతడు భార్యను పుట్టినయూర విడిచి, ఆల్ప్స్ పర్వతములు దాటి వెనీసునకు పోయెను. ఈ ప్రయాణమును గూర్చి చరిత్రకారులు కళాతృష్ణ యని మెచ్చుకొందురు. క్రొత్తపెండ్లికూతురి వైపునుండి చూచినవారు తక్కువ. పోనిండు.

వెనీసున స్త్రీలు అతని కన్నులకు వేరొక లోకమువారుగా తోచియుందురు. ఫ్రాంక్‌ఫర్టునందలి ష్టేడల్ చిత్రశాలలో నున్న యొక చిన్న కలపుగీత పటమే యిందులకు సాక్ష్యము. అందు ఎడమవైపున న్యూరెంబర్గు స్త్రీ, కుడివైపున వెనీసు స్త్రీ, ఇరువురు ప్రక్కప్రక్కగా నిలిచియున్నారు. మనవారి పెండ్లిపందిరిలో ఆడపెండ్లివారు మగపెండ్లివారి నగలను క్రీగంట చూచునట్లున్నది వారి నిలుకడ. న్యూరెంబర్గు స్త్రీకి తలపై గుడ్డ, బిగియగట్టిన పైవస్త్రము, సన్నని నడుము, ఎత్తిపట్టిన పావడ కోణములు కోణములుగా విరిగి పడుచున్నది, పాదరక్షల కొనలు సూదులవలె నున్నవి. వెనీసు స్త్రీకి మెడయు భుజములును బయటనున్నవి. నడుముపట్టీ రొమ్ముక్రిందనే యున్నది. చేతులకు తొడిగిన గుడ్డ చీలికలలోనుండి లోపలి తెల్లనిబట్ట బుడగలవలె పైకి పొంగినది. ఒకరి వేషమంతయు నిలువుగీతలు, రెండవవారిది అడ్డగీతలు. ఎర్విన్ పనోఫ్‌స్కీ అను పండితుడు 1943లో ప్రకటించిన తన డ్యూరరు గ్రంథమున దీనిని గాథిక్ యింటిప్రక్కన ఇటలీ నవీనసౌధమును నిలిపినట్లు పోల్చెను. పోలిక చక్కగానే యున్నది. కాని యిల్లు మాటలాడదు; ఈ స్త్రీ లిరువురును ఏదో యనుకొనుచున్నట్లే మాకు తోచుచున్నది.

ఈ పటమున డ్యూరరు తీర్పు చెప్పలేదు. ఇరువురను సమానమైన శ్రద్ధతో గీచెను. తన యూరి యాడుదానికి ఎక్కువ సొంపు, పొరుగుదేశపుదానికి తక్కువ సొంపు అంటగట్టలేదు. మేము మెచ్చుకొను గుణమిది.

అయితే కథ యిచట ముగియలేదు. 1495లో వెనీసు వేషమున నున్న యొక స్త్రీని అతడు వేరుగా చిత్రించెను. ఆ పటమును ఆల్బెర్టీనాలోనే యున్నది. మూడేండ్ల పిమ్మట, 1498లో, బైబిలుయొక్క చివరి గ్రంథమును 15 కొయ్యచెక్కడపు బొమ్మలతో అచ్చువేసెను. యూరపుఖండమంతట అతని పేరు మారుమ్రోగించిన పుస్తకమది. అందు ఏడుతలల మృగముమీద గూర్చున్న బాబిలోను వేశ్య యొకతె గలదు. లోకమున గల పాపమునకంతకును ఆమె రూపము. ఆమెకు ఏ బట్టలు తొడిగినాడనుకొన్నారు? ఆ వెనీసు స్త్రీ బట్టలే! భుజములు, చేతులు, ఆ నిలుకడ, ఆ దుస్తుల వరుస యంతయు అదే. చిత్రము గీయునపుడు ఎదుట నిలిచిన యా స్త్రీ యే పాపము నెరుగని వర్తకుని భార్యయో, అతిథిని చూచి ముచ్చటపడి నిలిచిన యిల్లాలో, ఎవ రెరుగుదురు? ఆమె రూపము మాత్రము వందలకొలది ప్రతులలో పాపిష్ఠురాలై యచ్చుపడినది.

ఇక న్యూరెంబర్గు చర్చివేష మేమైనది? అదియు చిత్రకారుని పెట్టెలో ఊరక పడియుండలేదు. 1504 ప్రాంతమున మేరీమాత చరిత్రను చెక్కడపుబొమ్మలుగా చేయునపుడు, ఆమె వివాహఘట్టమున పెండ్లిపేరంటాండ్రలో నొకతెకు అతడీ గంజిపెట్టిన తలగుడ్డను, మడతల పైదుప్పటిని ధరింపజేసెను. పాలస్తీనాలో పదునైదువందల యేండ్లకు ముందు జరిగిన పెండ్లికి న్యూరెంబర్గు పొరుగింటమ్మ పోయినది! ఇందులో తప్పులేదు. మన చిత్రకారులును సీతాకల్యాణము వ్రాయునపుడు తాము చూచిన తలంబ్రాలు, తాము చూచిన జడబిళ్లలు, తాము చూచిన పట్టుచీరలే గదా వ్రాయుదురు. భక్తి యెప్పుడును స్వదేశపు బట్టలే కట్టుకొనును.

కాని యీ రెండు పటములను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు మాకు కొంత బాధ కలిగినది. మనయూరి బట్ట పవిత్రురాలికి, పొరుగూరి బట్ట పతితకు! ఒకే చేయి, ఒకే కలము, ఒకే శ్రద్ధ, తీర్పుమాత్రము రెండు. కాలధర్మమని కొందరు సమాధానము చెప్పుదురు. అదియు నిజమే. 1497లో ఫ్లారెన్సునగరమున సవొనరోలా యను సన్న్యాసి ప్రేరణచే అద్దములు, అలంకారములు, విలువైన వస్త్రములు వీధిలో కుప్పవోసి తగులబెట్టిరి. ఆ గాలి యెల్లెడల వీచుచున్న దినములు. అయినను డ్యూరరే 1498లో, అనగా బాబిలోను వేశ్యను అచ్చువేసిన సంవత్సరముననే, తన రూపమును తాను చిత్రించుకొనెను. స్పెయినుదేశపు మాడ్రిడ్ నగరమున ప్రాడో చిత్రశాలలో నున్న యా పటమున అతని వైభవము చూడవలసినదే. ఉంగరములు తిరిగిన జుట్టు, నలుపుతెలుపు చారల టోపీ, మెడ విశాలముగా తెరచిన సన్నని చొక్కాకు బంగారుటంచు, చేతులకు మెత్తని తోలుతొడుగులు. మరల 1506లో వెనీసునుండి తన మిత్రుడు పిర్క్‌హైమరునకు వ్రాసిన యుత్తరమున, తన ఫ్రెంచి పైదుప్పటియు ఇటలీకోటును మీకు నమస్కారములు చెప్పుచున్నవని పరిహాసమాడెను. పురుషుడు ఇటలీకోటు తొడిగిన ముచ్చట. స్త్రీ తొడిగిన మృగవాహనము!

ఇంతమాత్రముచే ఆ పటముల విలువ తగ్గునని మేమనము. పైపెచ్చు పెరిగినదనియే మా యభిప్రాయము. ఏలయన, చెక్కడపుబొమ్మలో నెక్కిన నింద తరువాత వచ్చినది. మొదటి కాగితముమీద నింద లేదు. అచట నొక స్త్రీ నిలిచియున్నది, ఆమె బట్ట ఉన్నది, దానిని చూచు రెండు కన్ను లున్నవి, అంతే. వేషములను గూర్చి చదువదలచినవారును, పాతకాలపు కుట్టును మరల కుట్టిచూడదలచినవారును ఈనాటికి ఈ కాగితములయొద్దకే వచ్చుచున్నారు. నడుముకుట్టు ఎచట ప్రారంభమైనది, చేతిగుడ్డ ఏ త్రాళ్లతో భుజమునకు కట్టబడినది యను ప్రశ్నలకు ఉపన్యాసములు ప్రత్యుత్తర మీయవు, గీతలు ఇచ్చును.

ఇట్లు ఒరుల తీర్పునకు లోబడిన స్త్రీలలో డ్యూరరు భార్య ఆగ్నెస్ గూడ నొకతె. ఆమె సంసారము చక్కబెట్టుటయే కాక, భర్త అచ్చువేసిన బొమ్మలను ఫ్రాంక్‌ఫర్టు సంతకు గొనిపోయి స్వయముగా నమ్మినది. వారికి సంతానము కలుగలేదు. 1528లో డ్యూరరు మరణించిన పిదప, మిత్రుడైన పిర్క్‌హైమరు 1530లో నొకరికి వ్రాసిన యుత్తరమున, ఆమె లోభియనియు, ధనార్జనకై పోరుపెట్టి భర్తప్రాణము తీసెననియు ఆడిపోసికొనెను. ఆ యుత్తరముననే, డ్యూరరునకు గల చక్కని దుప్పికొమ్ములను తనకీయక ఆమె చౌకగా నెవరికో యమ్మివేసెనన్న దుగ్ధయు కనబడుచున్నది. ఈ కొమ్ములమాట తెలిసినతరువాత తక్కిన నింద కెంత విలువ నీయవచ్చునో సోదరీమణులే నిర్ణయించుకొందురుగాక. శతాబ్దములపాటు పండితులు మాత్రము ఆ నింద నట్లే ఒప్పుకొనిరి. ఇటీవలివారు కొందరు ఆమెపక్షమున వాదించుచున్నారు.

1520లో డ్యూరరు నెదర్లాండ్సుదేశమునకు పోవునపుడు ఈ మారు భార్యను విడిచిపోలేదు. ఆగ్నెసును, సుసన్నా యను దాసియు వెంట వెళ్లిరి. ఆ ప్రయాణముననే లివోనియాదేశపు స్త్రీల వేషములనుగూడ అతడు చిత్రించెను. అవి పారిసునగరమున లూవ్రు చిత్రశాలలో నున్నవి. 1521లో ఆంట్‌వెర్ప్ నగరమున ఆగ్నెసునకు ఆ దేశపు స్త్రీల దుస్తులు తొడిగించి, రంగుపూత వేసిన కాగితముమీద ఆమె రూపమును గీచెను. ఇప్పు డది బెర్లినున నున్నది. పరదేశపు వేషమే, కాని అందు వేశ్యయు లేదు, పేరంటాలును లేదు. నడివయస్సు దాటిన ముఖము, నిండైన తలకట్టు, కొంచె మలసట. పటముమీద నతడు వ్రాసిన వ్రాత యిది: ఆల్బ్రెక్ట్ డ్యూరరు తన యిల్లాలిని ఆంట్‌వెర్ప్ నగరమున నెదర్లాండ్సు వేషముతో గీచినాడని. దానిక్రింద, తమకు పెండ్లియైన యేండ్లలెక్క.